పొదలనుకున్న ఇళ్లు

నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. అమెరికాలో రెడ్‌మండ్‌కి వచ్చిన మొదటి రెండేళ్లూ నాకున్న పనల్లా ఊరికే కూర్చోవడమే. మా ఆయన ఉద్యోగం వీసా మీద వచ్చాడు, నేను ఆయన వీసాకి తోకలా వచ్చాను. ఆ తోకకి పనిచేసే హక్కు లేదు. హైదరాబాద్‌లో ఐదేళ్లపాటు శాటిలైట్ ఫొటోల నుంచి మ్యాపులు గీసే కంపెనీలో చేసినదాన్ని. ఇక్కడ ఆయన ఆఫీస్ బస్సు ఎక్కగానే అపార్ట్‌మెంట్ల చుట్టూ మూడు చుట్లు తిరిగి, ఇంట్లోకొచ్చి తుడిచిన స్టవ్వే మళ్లీ తుడిచేదాన్ని. వాన పడితే కిటికీ దగ్గర నిలబడి పోయే కార్లని చూస్తూ, వాటిలో ఉన్నవాళ్లందరి మీదా కారణం లేకుండా మండిపడేదాన్ని.

2013 వేసవిలో నెట్‌లో ఒక వాలంటీర్ పని దొరికింది. ఆఫ్రికాలో హర్గీసా అని సోమాలీల పెద్ద ఊరు. ఒకప్పుడు యుద్ధంలో నేలమట్టమై, మళ్లీ లేచి, పల్లెల నుంచి వచ్చిపడే జనంతో అన్ని వైపులా పెరిగిపోతోందట. ఎక్కడ ఎంతమంది ఉంటున్నారో ఎవరికీ సరిగ్గా తెలియదు. పైనుంచి తీసిన ఫొటోని గళ్లుగా కోసి మాకు పంచేవారు. గడిలో కనిపించిన ప్రతి ఇంటి కప్పు చుట్టూ గీత గీసి, అయ్యాక ‘పూర్తయింది’ అని నొక్కాలి. ఆ మ్యాపు చూసే అక్కడ కొత్త మంచినీళ్ల కుళాయిలు ఎక్కడ వేయాలో తేలుస్తారని చెప్పారు. జీతం లేని పని కాబట్టి వీసాకి ఇబ్బంది రాదని మా ఆయన ఇద్దరు ఫ్రెండ్స్‌ని కనుక్కుని మరీ ఒప్పుకున్నాడు.

పని లేక ఆకలి మీదున్నదాన్ని, దాని మీద పడిపోయాను. కొత్త రేకుల కప్పులు ఎండకి తెల్లగా మెరిసేవి, పాతవి తుప్పు రంగులో ఉండేవి. చకచకా గీతలు గీసుకుంటూ పోయేదాన్ని. నెల తిరిగేసరికి అందరికంటే ఎక్కువ గళ్లు నావే. పని చూసే ఆవిడ మెచ్చుకుంటూ మెయిల్ పంపితే దాన్ని మా అమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. నా అంత పనిమంతురాలు లేదనుకున్నాను.

మా కింది వాటాలో ఒక సోమాలీ ఆవిడ ఉండేది. నాకంటే పదేళ్లు పెద్దది, వృద్ధుల హోమ్‌లో పని. ఆమె టీలో ఏలకులూ దాల్చినచెక్కా దండిగా వేసేది, అలా మొదలైంది మా స్నేహం. నేను ఆమెని అక్కా అనేదాన్ని. ఆమె నన్ను వలాల్ అనేది, వాళ్ల భాషలో తోబుట్టువు అని. ఆమె ఇంటి లీజు కాగితంలో ఉన్నది ముగ్గురు, ఇంట్లో ఉండేది ఐదుగురు. అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్లు పొగ అలారం చూడ్డానికి వస్తున్నారంటే కాగితంలో లేని ఆ ఇద్దరూ పైకొచ్చి మా సోఫాలో కూర్చుని బిస్కెట్లు తినేవాళ్లు.

ఒక మంగళవారం గొప్ప చూపించుకోవడానికే ఆమెని పైకి పిలిచాను. లాప్‌టాప్‌లో ఆమె ఊరు పెట్టాను. ఆమె వేలు తెర మీద నడిచింది. ఇది వంతెన, ఇది బజారు, ఇది నేను చదివిన బడి. నవ్వుతూ ఎండిపోయిన ఏటి వెంట కిందికి పోయింది. అక్కడ ఆగింది.

“ఈ సిమెంటు తొట్టి పక్కదే మా చెల్లెలి ఇల్లు. చుట్టూ గీత లేదేం?”

వేలు పెట్టిన చోట గోధుమ రంగు గుండ్రటి మచ్చలున్నాయి, పక్కపక్కనే, బోలెడు. మొదటిరోజే వాటి సంగతి తేల్చేశాను నేను.

“అవి పొదలు కదా,” అన్నాను.

“ఆ పొదలోనే మా చెల్లెలు నలుగురు పిల్లలతో ఉంటోంది,” అంది ఆమె.

తరవాత నిదానంగా చెప్పింది, నాకు ఆ నిదానమే ఎక్కువ గుచ్చుకుంది. పల్లెలో కాపురమున్న చెల్లెలు, కరువులో మేకలన్నీ పోతే ఊరి అంచుకి చేరిందట. కర్రలు వంచి నేలలో పాతి, పాత బట్టలూ దుప్పట్లూ కప్పి ఇల్లు కట్టుకుంటారు, కట్టేదీ ఆడవాళ్లే. నీళ్లు గాడిద బండి మీద వస్తాయి, రాని రోజు రావు. కుళాయి పడుతుందని అక్కడందరూ ఆశ పెట్టుకున్నారు. నా మ్యాపులో మాత్రం అది ఖాళీ బీడు. ఖాళీ బీడులో కుళాయి ఎవరు వేస్తారు?

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. మా అమ్మ టీచరు. జనాభా లెక్కల డ్యూటీ పడితే ప్రతి గుమ్మం మీదా నంబరు రాసుకుంటూ పోయేది. ఒకసారి కూలీల గుడారాలకి గుమ్మాలు లేకపోతే వాళ్ల నీళ్ల డ్రమ్ముల మీద రాసి వచ్చింది. ఆమె కూతుర్ని నేను, కుర్చీలోంచి లేవకుండా మనుషుల్ని పొదల్లో కలిపేశాను. ఒక గడి కాదు, ఊరి అంచున ఇరవై గళ్లదాకా అలాగే చేసి ‘పూర్తయింది’ నొక్కాను. ఎవరినీ ఒక్క మాట అడగలేదు. అడిగితే వేగం తగ్గుతుంది కదా.

పని చూసే ఆవిడకి తప్పంతా రాసి పంపాను. శుక్రవారం కుళాయిలు వేసేవాళ్లకి ఫైల్ వెళ్లిపోతుంది, ఆలోగా దిద్దు, కానీ ఇల్లని ఖాయంగా తెలిసినవాటినే గీయి అని జవాబిచ్చింది. ఖాయంగా ఎలా తెలుస్తుంది? బుధవారం పగలంతా తెరకి ముక్కు ఆనించి చూశాను. ఒకసారి అన్నీ ఇళ్లే అనిపించేవి, ఒకసారి అన్నీ పొదలే. జీతం లేని పనికి ఇంత టెన్షన్ ఏంటని మా ఆయన అన్నాడు. ఆయన మీద అరిచేసి, అరిచినందుకు ఇంకా చిరాకుపడి, వానలో నాలుగు చుట్లు తిరిగొచ్చాను.

దారి అక్కే చూపించింది. గురువారం డ్యూటీకి సెలవు చెప్పి పొద్దున ఏడింటికి పైకి వచ్చింది. అక్కడ సాయంత్రం ఐదు. చెల్లెలికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. చెల్లెలు ఫోన్ పట్టుకుని సిమెంటు తొట్టి దగ్గర మొదలుపెట్టి నడిచింది. ఎడమ పక్కన మూడు ఇళ్లు, తరవాత ముళ్ల కంచె, కంచె లోపల రెండు, ఆ పక్కది నిజంగానే పొద. అక్క ఇంగ్లిష్‌లో చెప్తుంటే నేను ఒక్కోదాని చుట్టూ గీత గీశాను. గంట గడిచేసరికి ఫోన్‌లో ఒక గొంతు కాదు, పది గొంతులు. దారి పొడుగునా ఆడవాళ్లు చెల్లెలి వెనకే చేరారు.

ఏమంటున్నారని అడిగాను. తమ పేరు రాశారా లేదా అని అడుగుతున్నారంది అక్క.

మ్యాపులో పేరు రాసే చోటు లేదు. “రాశానని చెప్పు,” అన్నాను.

అక్క ఫోన్ మీద చెయ్యి కప్పింది. “నువ్వు రాయలేదు. రాయి, అప్పుడు చెప్తాను.”

లేచి, టేబుల్ మీదున్న కరెంటు బిల్లు కవరు చింపి, దాని వెనక తెలుగులో రాయడం మొదలుపెట్టాను. పేరు, ఇంట్లో ఎంతమంది. ఒక్కో పేరు తిరిగి చదివి వినిపిస్తే నా యాసకి అవతల నవ్వులు. చివరికొకావిడ, ముసలి గొంతు, తన పేరు రెండుసార్లు చెప్పింది. రాసుకుని, ఇల్లు ఎక్కడని అడిగించాను. ఏటికి అవతలి గట్టున, ఇక్కడ పేర్లు రాస్తున్నారని విని దాటి వచ్చానంది. అక్కడ తనలాంటివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారట.

మ్యాపులో అవతలి గట్టు గడి తెరిచి చూశాను. గడి నిండా గోధుమ రంగు మచ్చలే, ఒక్క గీత లేదు, మూలన నేను నొక్కిన ‘పూర్తయింది’. అక్క నావైపు చూస్తోంది. ఆ ముసలావిణ్ని అప్పుడే ఇంటికి వెళ్లవద్దని, చెల్లెలు ఫోన్ పట్టుకుని ఆమె వెంట ఏరు దాటేదాకా అక్కడే ఉండమని చెప్పమన్నాను.