ఇంకొకరి కుట్టు

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. ఒక ఏడాది ఆ కోపం మా దుకాణాన్ని దాదాపు మూయించింది. మూతపడకుండా ఆపింది మా ఆవిడ. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

రాయచూరులో థర్మల్‌ కరెంటు కేంద్రానికి పోయే రోడ్డు మీద మాది రెండు మిషన్ల దర్జీ దుకాణం. ఒక మిషను నాది, ఒకటి మా ఆవిడది. నేను కత్తిరించి కుట్టేవాణ్ణి. కాజాలు, గుండీలు, అంచులు ఆమె చూసుకునేది. పెళ్ళిబట్టలకు జనం బజారులోని పెద్ద టైలర్ల దగ్గరికే పోయేవారు. మాకు తిండి పెట్టింది ఖాకీ. థర్మల్‌లో బొగ్గు దగ్గర, బాయిలర్ దగ్గర పనిచేసేవాళ్ళకు ఏటా యూనిఫారం గుడ్డ ఇచ్చేవారు. వాళ్ళు ఆ గుడ్డ చంకలో పెట్టుకొని, నచ్చిన దర్జీ దగ్గరికి పోయి కుట్టించుకునేవారు. చాలామందికి నచ్చిన దర్జీని నేనే. గొప్పలు కాదు, దానికి కారణం ఉంది. నిలబెట్టి కొలత తీశాక ప్రతివాణ్ణీ "జర గొంతుక్కూసో" అనేవాణ్ణి. కూర్చున్నాక మళ్ళీ టేపు పెట్టేవాణ్ణి. రోజంతా నిచ్చెనలెక్కి దిగే మనిషికి నిలబడ్డ కొలత ఒక్కటే ఏం సరిపోతుంది? కొత్తవాళ్ళు సిగ్గుపడేవారు, పక్కనున్నవాళ్ళు నవ్వేవారు. నేను కుట్టిన ప్యాంట్లు మాత్రం రంగు వెలిసేదాకా చిరిగేవి కావు.

ఆ ఏడు గుడ్డ రాలేదు. ఇకమీదట కుట్టిన బట్టలే ఇస్తారని, ఎక్కడో దూరపు నగరంలోని పెద్ద కంపెనీకి ఆ పని అప్పగించారని తెలిసింది. ఆ కంపెనీ ఒక్కరోజులో కుట్టేది నేను జన్మంతా కూర్చున్నా కుట్టలేను. దానితో నేనేం పోటీ పడతాను? ఈగలు తోలుకుంటూ నెల గడిపాం. ఆ తర్వాత నాకు ధైర్యం చాలలేదు. మాన్విలో పాత మిషన్లు కొనే ఆయనకు కబురు పెట్టాను. సోమవారం వచ్చి రెండూ తీసుకుపోతానన్నాడు. నేను ఎక్కడైనా వాచ్‌మన్‌గా చేరదామనుకున్నాను. మా ఆవిడ మాత్రం తన మిషనుకు రోజూ నూనె వేస్తూనే ఉంది. అమ్మబోయేదానికి నూనె ఎందుకని నాకు ఒళ్ళు మండేది.

ఆ సోమవారానికి నాలుగు రోజుల ముందు కంపెనీ బట్టలు పంచారు. మర్నాడు పొద్దున్నే ఇడపనూరు నుంచి పనికి వచ్చే పాత గిరాకీ ఒకడు, ప్యాంటు నడుము దగ్గర పిడికిట పట్టుకొని దిగాడు.

"అన్నా, చూడు గిట్లున్నది. చిన్నది, నడిమిది, పెద్దది, మూడే ఉన్నయంట. చిన్నదాంట్ల, నడిమిదాంట్ల తొడలు పట్టవు. పెద్దదాంట్ల నేను ఇంకొకన్ని తీస్కొని దూరచ్చు. జర సరిచేసియ్యి."

"కంపెనీ తానికే పోయి సరిచేయించుకో," అన్నాను.

అది కోపం ఒక్కటే కాదు. మా దర్జీల ఇళ్ళలో ఒక పట్టింపు ఉంది. ఇంకొక దర్జీ కుట్టిన కుట్టు విప్పకూడదు. విప్పితే వాడికి పని రాదని నలుగురిలో చాటినట్టు. పొట్ట పెరిగిందని ఎవరైనా చొక్కా తెస్తే, కుట్టినాయన దగ్గరికే పొమ్మని మా నాన్న మర్యాదగా పంపేవాడు. నేను మర్యాద లేకుండా పంపాను. ఆ పూటంతా వచ్చినవాణ్ణి వచ్చినట్టే తిప్పేశాను. ఒకడి ప్యాంటు నిచ్చెన మీద కాలెత్తగానే వెనక పిగిలిపోయిందట, తువ్వాలు చుట్టుకొని వచ్చాడు. వాణ్ణీ పొమ్మన్నాను. లోపల కాస్త సంతోషించాను కూడా, అబద్ధమెందుకు.

వాడు మెట్టు దిగుతుంటే మా ఆవిడ కేకేసింది.

"ఓ తమ్మీ, ఇటు రా. ఆ ప్యాంటు ఇటియ్యి."

తిరగేసి పట్టుకొని బ్లేడు తీసింది.

"ఏమే, ఏం చేస్తున్నవ్? అది ఇంకొకరి కుట్టు," అన్నాను.

"ఎవరి కుట్టు?" అన్నది, చెయ్యి ఆపకుండా. "మా పిన్ని బిడ్డ గసుంటి కంపెనీలనే పనిచేస్తది. ఏడాది సంది జేబులే కుడుతున్నది. కాళ్ళు ఇంకొకామె, నడుం పట్టీ ఇంకొకామె. ఈ ప్యాంటు నేను కుట్టిన అనే మనిషే లేదు. ఇప్పితే ఎవరికి కోపమొస్తది, చెప్పు?"

పొద్దున్నుంచీ నేను గౌరవం కాపాడుతున్నది ఎవరిదో నాకే తెలియలేదు. మూలన కూర్చొని ఆమె చేతులకేసి చూశాను. పిగిలినచోట నేరుగా కుట్టు వేస్తోంది. ఉండబట్టలేక, "అట్ల కుడితే రేపు మళ్ల పిగులుతది," అన్నాను.

"అయితే నువ్వే రా."

లేచాను. తువ్వాలు మీదే వాణ్ణి గొంతుక్కూర్చోబెట్టి టేపు పెట్టాను. పాత ఖాకీ ముక్కల సంచి దులిపి, రంగు కలిసే ముక్క ఏరి, తొడల మధ్య జత చేసి కుట్టాను. వాడు తొడుక్కొని కూర్చున్నాడు, లేచాడు, మెట్టు మీద కాలు బారజాపి పెట్టాడు. కుట్టు నిలిచింది. ఆ సంగతి వాడు ఎంతమందికి చెప్పాడో కానీ, మర్నాటి నుంచి దుకాణం ముందు మనుషులు వరసగా గొంతుక్కూర్చొని ఉన్నారు. నేను తిట్టి పంపినవాళ్ళూ వచ్చారు. వాళ్ళ ముఖం చూడలేక తల వంచుకొని కొలతలు తీశాను.

సోమవారం మాన్వి ఆయన వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రావడానికే సందు లేదు.

"మిషన్లు అమ్ముతలేనన్నా," అన్నాను.

"మరి ఇంత దూరం నన్నెందుకు పిలిచినవయ్యా?"

"బుద్ధి లేక పిలిచిన."

ఆయన బస్సెక్కేదాకా తిట్టాడు. అంత హాయిగా నేను ఎవరి తిట్లూ వినలేదు. గుండె మీది బండ దిగినట్టయింది. నవ్వు వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. టేపు మీది అంకెలు కనబడక, కళ్ళు తుడుచుకొని మళ్ళీ కొలిచాను.

కంపెనీని ఓడించానని నేనెక్కడా చెప్పుకోను. అదెక్కడ, నేనెక్కడ? అంత పెద్ద కంపెనీ ఒక్కొక్క మనిషి ముందూ టేపు పట్టుకొని కూర్చోవడం అయ్యే పని కాదు. ఆ మిగిలిన పని మాకు చాలింది.

మరుసటి ఏడు బట్టలు వచ్చే రోజులు దాటినా రాలేదు. ఇక ఇవ్వరట అని ఒకరు, ఎవరి బట్టలు వాళ్ళే కొనుక్కోవాలట అని ఇంకొకరు. కంపెనీ నాశనం కావాలని శాపాలు పెట్టినవాణ్ణి, దానికేమైందో అని అన్నం సహించక రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను. చివరికి ఒక మధ్యాహ్నం ఖాకీ మూటలతో లారీ మా ముందు నుంచే థర్మల్ వైపు పోయింది. నేను బయటికి ఉరికి, దుమ్ములో నిలబడి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను.

"ఆ కంపెనీ చల్లగుండాలె," అని పైకే అన్నాను.

మా ఆవిడ నవ్వు ఆపుకోలేక మిషను మీద తల పెట్టేసింది.