తెల్లబడిన వేళ్ళు

నా చిన్నప్పుడు, ఎండలు మండిపోతున్న ఒక వేసవిలో, నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడింది మా అత్తయ్య వాళ్ళింట్లో ఫ్రిజ్‌కి. తొంభైల మొదటి సంవత్సరాలవి. నాకు పదేళ్ళు. పరీక్షలు అవగానే నాన్న నన్ను గుడివాడ నుంచి తీసుకొచ్చి, బందరు పక్కన చిలకలపూడిలో ఉన్న తన అక్కగారింట్లో దించి వెళ్ళారు. అత్తయ్య పగలంతా వసారాలో కూర్చుని రోల్డ్‌గోల్డ్ గొలుసులకి కొక్కేలు తగిలించేది. ఏడాది నిండిన ఆమె కూతురు, మా పాప, ఆమె చుట్టూ పాకుతూ ఉండేది. ఆ పాపని చంకనేసుకుని వీధంతా తిప్పడమే నాకు పని, అదే సంబరం.

ఫ్రిజ్ ఆ ఏడే కొన్నారు. ఒక మధ్యాహ్నం చుట్టాలొస్తే, నిమ్మకాయ నీళ్ళలోకి ఐసు ముక్కలు తెమ్మంది అత్తయ్య. ట్రే గట్టిగా అతుక్కుపోయి ఉంది. దాన్ని ఊడదీసి, ముక్కలు గిన్నెలో వేసి, చేతులు చూసుకుంటే కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు మైనంలా తెల్లగా అయిపోయాయి. తెలుపు ఎక్కడ ఆగిందో అక్కడ దారం కట్టినట్టు గీత. గిల్లుకున్నాను. తెలియలేదు. గౌను పిన్నీసు తీసి గుచ్చుకున్నాను. చిన్న రక్తపు చుక్క కూడా రాలేదు.

అంతకు రెండు నెలల ముందే మా బడికి ఆరోగ్య కార్యకర్త ఒకావిడ వచ్చి, బొమ్మలు చూపిస్తూ కుష్ఠువ్యాధి గురించి చెప్పారు. స్పర్శ లేని మచ్చ కనిపిస్తే దాచొద్దని, మందు వాడితే తగ్గుతుందని ఆవిడ చెబుతూనే ఉన్నారు. నా వెనక బెంచీలో అమ్మాయి మాత్రం, అలాంటివాళ్ళని ఎక్కడికో దూరం తీసుకెళ్ళిపోతారని, ఇంట్లో వాళ్ళు మళ్ళీ ముట్టుకోరని గుసగుసలాడింది. నాకు ఆ గుసగుసే గుర్తుండిపోయింది.

కాసేపటికి వేళ్ళు నీలంగా మారి, తర్వాత ఎర్రబడి, చీమలు కుట్టినట్టు మండి, మామూలుగా అయిపోయాయి. నా భయం మాత్రం అక్కడితో ఆగలేదు. జబ్బు తగ్గలేదు, లోపలికి వెళ్ళి దాక్కుందనుకున్నాను. మర్నాడు చల్లటి సీసా పట్టుకుంటే మళ్ళీ అదే తెలుపు. అప్పటినుంచి నా కంచం నేనే కడుక్కునేదాన్ని. పడుకునేటప్పుడు చాప చివరికి జరిగిపోయేదాన్ని. అత్తయ్య ఐసు తెమ్మంటే కడుపునొప్పి అనేదాన్ని. అన్నిటికంటే కష్టమైంది పాపని ఎత్తుకోకుండా ఉండడం. అది చేతులు చాచుకుంటూ వచ్చేది. నేను చేతులు గౌను మడతల్లో దాచుకుని అవతలికి వెళ్ళిపోయేదాన్ని. అత్తయ్య అది చూసి మొహం చిన్నబుచ్చుకునేది.

అలా వారం గడిచింది. ఒక సాయంత్రం అత్తయ్య దొడ్లో బట్టలు తీస్తోంది. పాప వసారా అంచుదాకా పాకింది. నేను రెండడుగుల దూరంలోనే ఉన్నాను. చెయ్యి చాపితే అందుతుంది. చాపబోయి, చేతులు వెనక్కి లాక్కున్నాను. పాప మెట్టు మీంచి కిందికి దొర్లింది. నుదురు గీరుకుపోయి గుక్కపెట్టి ఏడ్చింది.

అత్తయ్య పరుగున వచ్చి పాపని తీసుకుంది. "చూస్తూ నుంచున్నావేంటే? అదేం చేసింది నిన్ను?" అంది. ఆమె నన్ను అలా అడగడం అదే మొదటిసారి. నేను ఏడుస్తూ, "నేను ముట్టుకుంటే దానికీ వస్తుంది అత్తయ్యా" అన్నాను. ఏమొస్తుందని అడిగితే తెల్లబడే వేళ్ళూ, పిన్నీసూ, బళ్ళో విన్నదీ అంతా చెప్పేశాను.

అత్తయ్య పాపని భుజాన వేసుకుని లోపలికెళ్ళి, ఐసు ట్రే తెచ్చి నా ముందు కూర్చుని, దాన్ని తన చేత్తో గట్టిగా పట్టుకుంది. నాకేమీ అర్థం కాలేదు. ఆమె పళ్ళు బిగపట్టడం మాత్రం కనిపించింది. తర్వాత ట్రే పక్కన పెట్టి చెయ్యి చాపింది. మూడు వేళ్ళు సున్నంలా తెల్లగా ఉన్నాయి.

"నాకూ ఇంతేనమ్మా, నీ వయసప్పటినుంచీ. మీ నాయనమ్మకీ ఇంతే. చలి పడని చేతులు మనవి. అది నువ్వనుకున్న జబ్బు కాదు" అంది. నాకు నమ్మకం కుదరలేదు. "ఇంకా తెల్లగానే ఉన్నాయిగా" అన్నాను. "కూర్చుని చూడు మరి" అని ఆ చెయ్యి చంకలో పెట్టుకుంది. తీసి చూపించినప్పుడల్లా రంగు మారుతూ వచ్చింది. నీలం, ఎరుపు, చివరికి మామూలు. అప్పుడు పాపని నా ఒళ్ళో కూర్చోబెట్టి, "ఒకవేళ ఆ జబ్బే అయినా బిళ్ళలున్నాయి, తగ్గిపోతుంది. దానికోసం నిన్ను పంపించేస్తామా?" అంది.

మర్నాడు బందరులో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన దూదితోనూ సూదితోనూ పరీక్ష చేసి, చలి తగిలితే నా వేళ్ళలో రక్తనాళాలు మరీ బిగుసుకుంటాయని, వెచ్చబడగానే తెరుచుకుంటాయని చెప్పారు. అత్తయ్య పాత తువ్వాలు చింపి నా చేతులకి తొడుక్కోడానికి రెండు సంచులు కుట్టింది. రోహిణీకార్తె ఎండలో చేతులకి తువ్వాళ్ళు తొడుక్కుని ఫ్రిజ్ తీసే నన్ను చూసి మావయ్య నవ్వేవారు. భయం వెంటనే పోలేదు. ఆ వేసవంతా వేళ్ళు తెల్లబడినప్పుడల్లా ఆ జబ్బే గుర్తొచ్చేది. కానీ అప్పుడిక దాక్కోకుండా, వసారాలోకి వెళ్ళి అత్తయ్య పక్కన కూర్చుని, రంగు తిరిగొచ్చేదాకా చూసేదాన్ని.

ఐసు పట్టుకుంటే ఎంత బాధో అత్తయ్యకి తెలుసు. నోటితో చెప్పి ఊరుకోవచ్చు, ఊరుకోలేదు. మొన్న మా చెల్లెలి కూతురు దేనికో బెంగపెట్టుకుని రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నేను ఏమైందని అడగలేదు. పక్కన కూర్చుని, చిన్నప్పుడు నేను భయపడి పాపని పడనిచ్చిన సంగతి ముందు చెప్పాను. అంతా విని, అది మెల్లగా నోరు విప్పింది.