డాలరు రేటు, అడుగు బస్తా

2007 మొదట్లో నేను కాశీబుగ్గలో కంప్యూటర్ సెంటర్ నడిపేవాణ్ని. టైపింగ్, అకౌంట్లు, అడిగిన వాళ్లకి సి లాంగ్వేజ్ నేర్పేవాణ్ని. ఒక మధ్యాహ్నం కూర్మారావు మావ పాత పేపర్ల కట్ట మోసుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. మాకు చుట్టరికం లేదు, పలకరింపుతో కలిసిన వరస. ఆయనకు పలాసలో చిన్న జీడి మిల్లు ఉండేది.

"అల్లుడూ, నేర్పితే కంప్యూటరు డాలరు రేటు ముందే సెప్పేత్తాదంట కదా. నీ కాడున్నవి కంప్యూటర్లేనా, టీవీలా?"

ఆయన మొదటిసారి సొంతంగా ఆఫ్రికా నుంచి ఓడలో జీడిపిక్కలు తెప్పిస్తున్నాడు. మూడు నెలల తర్వాత డాలర్లలో డబ్బు కట్టాలి. ఈలోగా డాలరు బాగా పెరిగితే మిల్లు మూసుకోవాల్సిందే. పిక్కలు కొట్టే ఆడవాళ్లకు ఆ సీజన్ పని ఉండదు. బ్యాంకులో ఫార్వర్డ్ కాంట్రాక్ట్ రాసుకోవచ్చు. అంటే అప్పుడు కొనబోయే డాలరుకు ధర ఇప్పుడే ఖాయం చేసుకోవడం. పెరిగినా భయం లేదు, కానీ తగ్గితే ఆ లాభమూ రాదు. ఆయన ఎటూ తేల్చుకోలేకపోతున్నాడు.

ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రామైన న్యూరల్ నెట్‌వర్క్ గురించి పుస్తకంలో చదివి నేనే ఒక చిన్నది రాసుకున్నాను. గడిచిన ఐదు రోజుల రేట్లు ఇస్తే ఆరో రోజుది చెప్పాలి. ఏ రోజు రేటును ఎంత లెక్కలోకి తీసుకోవాలో చెప్పే అంకెల్ని వెయిట్లు అంటారు. మొదట అవి గుడ్డిగా పెట్టినవే. జవాబు ఎంత తప్పిందో చూసుకుని, వెయిట్లను కొద్దికొద్దిగా సవరిస్తూ, అవే రేట్లు మళ్లీ మళ్లీ చూపిస్తాం. ట్రైనింగ్ అంటే అంతే.

మావ పేపర్లలోని రేట్లు చదివేవాడు, నేను టైపు చేసేవాణ్ని. మధ్యలో ఆయన వ్యాఖ్యానం ఉండేది. "ఈ రోజు గాలివాన, మనకి కరెంటు నేదు. డాలరు మాత్రం నిచ్చింతగా కూకుంది సూడు."

చివరి కొన్ని నెలల పేపర్లు చదవబోతే ఆపాను.

"అవి దానికి చూపించకూడదు మావా."

"అదేటి? అవి కూడా సూపిత్తే ఇంకా తెలివొత్తాది కదా!"

"విశాఖ గోడౌన్‌లో పిక్కలు కొనేటప్పుడు నువ్వేం చేస్తావు? అమ్మేవాడు చూపించిన బస్తాలో పిక్కలు కోసి చూసి బేరం ఆడతావా?"

"ఆడు సూపించింది నానెందుకు కోత్తాను? గుట్ట కిందనుంచి అడుగు బస్తా లాగమంటాను." అని, నా మొహం చూసి నవ్వాడు. "ఓహో. ఇది అడుగు బస్తా."

నెట్‌వర్క్‌కి తెలియకుండా పక్కన పెట్టే ఈ రేట్లను టెస్ట్ డేటా అంటారు. ఆ రోజు నుంచి మాకు అది అడుగు బస్తానే.

ట్రైనింగ్ పూర్తయ్యాక అడుగు బస్తా తీశాం. అసలు రేటు ఒక గీతగా, నెట్‌వర్క్ చెప్పింది ఇంకో గీతగా ప్రింటు తీస్తే రెండూ దాదాపు కలిసిపోయాయి. మావ కుర్చీలోంచి లేచాడు.

"రెండూ అతుక్కుపోయినాయి కదేటి! ఇంక బ్యాంకెందుకు?"

నాకూ ఆయన్ని అలా చూడటం ఇష్టంగానే ఉంది. కానీ కాగితం దగ్గరగా పెట్టుకుని చూస్తే సంగతి తెలిసింది. డాలరు గీత మలుపు తిరిగిన మర్నాడే మా గీత తిరుగుతోంది. ఏ రోజు ఏం అడిగినా, నిన్నటి రేటునే కాస్త అటూ ఇటూ చేసి రేపటిదని చెబుతోంది. రేటు రోజుకు పెద్దగా మారదు కనుక తప్పు చిన్నదిగా కనబడుతుంది. పెరుగుతుందా తగ్గుతుందా అని అడిగితే మాత్రం దానికేమీ తెలియదు.

మావ కాగితం లాక్కుని మలుపుల మీద వేలు పెట్టి చూశాడు. "ఇది మా మిల్లు మేస్త్రీయేరా అల్లుడూ. నానేటన్నా అవునంటాడు. కాకపోతే మర్నాడంటాడు."

నవ్వు ఆగాక మెల్లగా అడిగాడు. "మరి డాలరు పెరుగుతాదా, తగ్గుతాదా?"

"నాకు తెలీదు మావా. దీనికీ తెలీదు."

"అయితే పెరిగితే నాను తట్టుకోగలనా అన్నదొక్కటే సూసుకోవాల." మర్నాడు వెళ్లి కాంట్రాక్ట్ రాసుకున్నాడు.

ఆ వేసవిలో డాలరు పడిపోయింది. ఊరుకుని ఉంటే ఆయనకు మంచి లాభం వచ్చేది. నేను మొహం చాటేశాను. ఆయనే జీడిపప్పు పొట్లం పట్టుకుని వచ్చాడు. "ఏటల్లుడూ, కనబడ్డం మానేశావు? మిల్లాడతంది, నాను నిద్దరపోతన్నాను. ఆ నిద్దరకి అదీ ఖరీదు."

రెండేళ్ల తర్వాత ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానం ఊళ్లలో చాలామందిని తీసుకుపోయిన జబ్బే. నేను రోజూ సాయంత్రం వెళ్లి కూర్చునేవాణ్ని. నిన్న ఎలా ఉన్నాడో ఇవాళా అలాగే ఉండేవాడు. రేపూ ఉంటాడనుకుంటూ ఇంటికొచ్చేవాణ్ని. ఆయన మాత్రం అప్పటికే మిల్లు కూతురి పేర రాయించి, బస్తాలు ఎలా లాగించాలో నేర్పి, తనతో పాటు ఆ అమ్మాయిని విశాఖ కూడా తిప్పాడు.

"ఇంత తొందరేంటి మావా?" అన్నాను ఒకరోజు.

"నువ్వూ నీ మిషనూ ఒకటేరా," అన్నాడు నవ్వుతూ. "నిన్నటిది సూసి రేపు సెప్తారు."

ఆయన పోయాక కూడా ఆ సీజన్ మిల్లు ఒక్క రోజూ ఆగలేదు. ఇప్పుడు ఎవరికైనా నెట్‌వర్క్ నేర్పేటప్పుడు ముందు అడుగు బస్తా పక్కన పెట్టమంటాను. అది ఎక్కడి మాట అని అడిగితే ఆయన పేరు చెబుతాను.