పెదనాన్న మూసిన కన్నాలు

మా పెదనాన్న చెక్కిన గట్టు మీద చీమ కూడా కాలుజారి పడుతుందని పొలాల్లో అందరూ అనేవారు. నాట్లు దగ్గరపడితే ఎవరి వరిమడికైనా ఆయనకే కబురు వచ్చేది. ముందు పారతో గడ్డిని మొదలంటా గీకేవాడు. తరువాత తడి మట్టి ఎత్తివేసి, పార వీపుతో నున్నగా మెత్తేవాడు. వేరేవాళ్లయితే అక్కడితో చేతులు కడుక్కుంటారు. ఈయన మళ్లీ మొదటి నుంచి వంగి నడుస్తూ, కనిపించిన ప్రతి కన్నంలోనూ మట్టి కూరి బొటనవేలితో అదిమేవాడు. నలభై ఏళ్లు అదిమి అదిమి ఆ వేలు చివర చెంచాలా చదునైపోయింది.

"చిన్న కన్నమే కదా అని వదిలేస్తే పొద్దున్నకి మడిలో చుక్క నీళ్లుండవు" అనేవాడు. వరికి అది నిజమే. కానీ ఆయనకు ఎక్కడ కన్నం కనిపించినా చెయ్యి ఊరుకునేది కాదు. పెద్దమ్మ పూలకుండీ అడుగున నీళ్లు పోయే కన్నాన్ని కూడా ఒకసారి మూసిపెట్టాడు. మొక్క కుళ్లిపోయింది. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అని పెద్దమ్మ ఆ రోజంతా సణిగింది. నాకు మాత్రం నవ్వాగలేదు.

వాళ్ల మెరక పొలం చెక్కలో ఆయన కోడలు, అంటే మా వదిన, గుమ్మడి వేసింది. కోడలు సొంతంగా వేసిన మొదటి పంట అన్న ముచ్చటతో పెదనాన్న, ఎవరూ అడక్కుండానే చేను చుట్టూ గట్టు వేశాడు. రోజూ పొద్దున్నే ఒక చుట్టు తిరిగి దాని కన్నాలూ మూసేవాడు.

తీగ ఏపుగా పాకింది, పూలు విరగబూశాయి. కాయ మాత్రం పట్టలేదు. పిందెలు వేలెడంత అయ్యేసరికి పసుపెక్కి రాలిపోయేవి. పూల మీద వాలే ఈగే లేదు. వదిన తెల్లవారుతూనే వెళ్లి, మగపువ్వు కోసి రేకులు తీసేసి, ఒక్కో ఆడపువ్వులో పుప్పొడి రుద్దేది. ఎండెక్కితే పూలు ముడుచుకుంటాయి కనుక పరుగే పరుగు. "పెళ్లిళ్ల పేరమ్మా!" అని నేను ఆటపట్టించేదాన్ని.

రెండో ఏడు ఆమెకు నవ్వు రాలేదు. "నా నడుము పడిపోయింది. వచ్చే ఏడు కూడా ఇంతే అయితే గుమ్మడి మానేసి బట్టల మిల్లులో చేరతాను" అంది. మర్నాడు పెదనాన్న గట్టు ఇంకా నున్నగా మెత్తాడు. ఆయనకు తెలిసిన సాయం అదొక్కటే.

ఆ వారమే పొలాల్లో పురుగుల లెక్క రాసుకునే ఆఫీసరమ్మ ఒకామె వచ్చింది. గట్టు పక్కన స్టూలు వేసుకుని పూటంతా కూర్చుంది. పనీపాటా లేదా అని పెదనాన్న గొణుక్కుంటుంటే, ఆమే పిలిచి చూపించింది. కాళ్లకు పసుపుపచ్చటి పుప్పొడి అంటుకున్న చిన్న ఈగ ఒకటి గట్టు మీద అక్కడక్కడే తిరుగుతోంది.

"ఇక్కడ కన్నం ఉండేదాండీ?"

"ఉండేది. పొద్దున్నే మూసేశాను" అన్నాడు పెదనాన్న గర్వంగా.

"అది తేనెటీగ జాతేనండీ. తుట్టె పెట్టదు, మట్టిలో దేని గూడు అదే తవ్వుకుంటుంది. దాని పిల్లలు లోపలున్నాయి. మీ గుమ్మడి పూల మీద తిరగాల్సినవి ఇవే."

"మరి నీళ్లు కారిపోవూ?"

"గుమ్మడికి నీళ్లు నిలగడతారా?"

పెదనాన్న చేతికి అలవాటైన పని చేసుకుపోయాడే గానీ, ఇది వరిమడి కాదన్న సంగతి రెండేళ్లుగా తట్టనే లేదు. గొంతుక్కూర్చుని గడ్డిపుల్లతో ఆ మట్టి మెల్లగా తవ్వాడు. ఈగ రెండు చుట్లు తిరిగి లోపలికి దూరింది. ఆ సాయంత్రం వదినతో "నీ నడుము నొప్పికి నా వేలే కారణమమ్మా" అన్నాడు. ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఆఫీసరమ్మ చెప్పినట్టు ఆ గట్టును ముట్టుకోవడం మానేశాడు. గడ్డి పెరిగి పూసింది. "గట్టుకి గడ్డం వచ్చిందే! పెద్దాయనకి పార బరువైందా?" అని దారినపోయేవాళ్లు నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది. నున్నటి గట్టే ఆయన పరువు. "బరువైంది" అని తల దించుకుని వెళ్లిపోయేవాడు.

మూడో ఏడు గుమ్మడి పూసిన రోజున వదిన వెనకే నేనూ వెళ్లాను. పెదనాన్న అప్పటికే గట్టు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎదురుగా చిన్న కన్నం. అలవాటు కొద్దీ బొటనవేలు ముందుకు లేచింది. ఆయన దాన్ని గుప్పిట్లో దాచేసుకున్నాడు.

"అడుగు చూసి వెయ్యమ్మా" అన్నాడు. "ఈ ఇంట్లోవాళ్లు ఇంకా బయల్దేరలేదు."

వదిన మగపువ్వు కోసుకుని ఆడపువ్వు మీదికి వంగింది. లోపల ఈగలు రెండు ఒళ్లంతా పుప్పొడి పూసుకుని దొర్లుతున్నాయి. పక్క పువ్వులోనూ ఉన్నాయి. నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఆమె నడుము నిటారుగా చేసుకుని పెదనాన్న వైపు తిరిగింది.

"మామయ్యా, వచ్చే ఏడు ఆ పక్క చెక్కలో కూడా గుమ్మడే వేద్దాం. గట్టు నువ్వే వెయ్యాలి."

"వేస్తాను" అన్నాడు పెదనాన్న. "మెత్తను."