రూతమ్మగారు ఖాళీ చేసిన కుర్చీ

ఇవాళ భోజనాలయ్యాక మొదటి సర్వర్ కరెంటు వైరు పీకాను. దాని ఫ్యాను హోరు నీరసంగా దిగిపోయింది. కాసేపు గదంతా చెవిలో దూది పెట్టినట్టు అయ్యింది. అంతలో బల్ల కింద రెండోదాని ఫ్యాను గొంతు పెంచింది, వేడెక్కిన దుమ్ము వాసన ముక్కుకి తగిలింది. బాగా నడుస్తున్నదాన్ని పట్టపగలు పనిగట్టుకుని చంపి, రెండోది లేస్తుందో లేదో చూసే ఈ అలవాటు నాది కాదు, రూతమ్మగారిది. ఆ వాసన తగిలితే చాలు, వెనకాల ఆవిడ నిలబడి ఉన్నట్టే ఉంటుంది.

మా చోడవరంలో కొందరు డాక్టర్లు కలిసి నడిపే అంబులెన్సు సర్వీసుకి ఆవిడ కంప్యూటర్ల పెద్ద. విశాఖలో ఏళ్ళ తరబడి ఒక కంపెనీ సర్వర్లు చూసుకుని, సొంతూరు మీద మనసు పుట్టి వచ్చేశారు. నేనేమో తొమ్మిదో తరగతిలోనే చదువుకి దండం పెట్టి, సెల్‌ఫోన్ల షాపులో పగిలిన అద్దాలు మారుస్తున్నవాణ్ణి. ఒకరోజు ఆవిడ ఫోను విప్పుతూ, "మేడం, దీనికి బాగుచెయ్యడం కాదు, పెన్షన్ ఇప్పించాలి" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "నోరు బాగా తిరుగుతంది. మా డెస్కులో కూకుని ఫోన్లు ఎత్తుతావా?" అన్నారు. అలా చేరాను. ఫోన్లు ఎత్తడంతో మొదలైనవాడికి సర్వర్‌తో మాట్లాడటం దాకా నేర్పారు. ఆవిడలో వంక పెట్టాలంటే టీ ఒక్కటే దొరుకుతుంది. తాగే ముందు ప్రార్థన చేసేవారు. ఆ టీకి అది అవసరమే.

మా పని చెబితే తేలిక. ఊళ్ళోంచి ఫోను వస్తుంది, మేము వివరాలు కొడతాం, ఏ బండి వెళ్ళాలో సర్వర్ తేల్చి డ్రైవరుకి పంపుతుంది. సర్వర్ పడిపోతే బండి కదలదు. అందుకే రెండోది. అది అస్తమానం మొదటిదాన్ని "ఉన్నావా?" అని అడుగుతూ ఉంటుంది. జవాబు రాకపోతే తనే ఆ కుర్చీలో కూర్చుంటుంది. దీన్ని ఫెయిలోవర్ అంటారని ఆవిడ చెబితే, "మా బళ్ళో దీన్ని అటెండెన్సు అనేవారు మేడం" అన్నాను. "నీ బదులు జవాబు ఎవరు పలికేవారో నాకు తెల్సు" అన్నారు.

ఒక వానాకాలం మధ్యాహ్నం చీడికాడ వైపు నుంచి పాముకాటు అని ఫోను వచ్చింది. కొట్టాను, బండి కదిలింది. కాసేపటికి రోలుగుంట నుంచి ఇంకో ఫోను. పురిటి నొప్పులు, బిడ్డ అడ్డంగా ఉందని నర్సు చెబుతోంది. కొడితే తెర మీద ఖాళీ బండి లేదని వచ్చింది. మాకున్నవి రెండు బళ్ళు, పంపింది ఒకటి. నేను తెల్లబోయి చూస్తుండగా దేవరాపల్లిలో ఉంచే రెండో బండి డ్రైవరు సూర్నారాయణ ఫోను చేశాడు.

"ఒరే అప్పలరాజూ, చీడికాడ కేసుకి ఇద్దరం వచ్చేం. పేషెంటు ఒక్కడే. సెరో సగం పట్టుకెళ్ళమంటావేటి?"

నాకు నవ్వొచ్చింది. రూతమ్మగారికి రాలేదు. నా చేతిలోంచి ఫోను లాక్కుని, "సూర్నారాయణా, నువ్వు బండి తిప్పి రోలుగుంట పో. దారంతా ఫోను పెట్టీకు" అన్నారు. నావైపు తిరిగి, "నువ్వు నర్సుతో మాటాడతా ఉండు. భయపడేలా మాటాడకు" అన్నారు. నా జీవితంలో అంతసేపు ఒక్క జోకూ లేకుండా మాట్లాడింది ఆరోజే. బండి అందింది. తల్లీ బిడ్డా దక్కారు. కానీ చేరిన ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒక్క మాట అన్నారట, ఇంకాస్త ఆలస్యమైతే చేతులెత్తేసేదాన్నని.

బల్ల కింద చూస్తే రెండు సర్వర్ల మధ్య వైరుని ఎలక కొరికేసింది. మొదటిది బతికే ఉంది, పని చేస్తోంది. జవాబు వినపడక రెండోది అది పోయిందనుకుని కుర్చీ ఎక్కేసింది. రెండూ పెద్దరికం చేసి, చెరో బండీ ఒకే ఇంటికి పంపాయి.

"తప్పు ఎలక మీద పెట్టేద్దాం మేడం, అది వచ్చి కాదనదు" అన్నాను.

"ఎలక దాని పని అది సేసింది. నేను సెయ్యలేదు" అన్నారు. డాక్టర్లకి ఫోను చేసి, నా ముందే, తప్పు నాదని చెప్పారు. సాకు ఒక్కటి కలపలేదు. తప్పు ఒప్పుకునే పెద్దవాళ్ళని అంతకుముందు నేను చూడలేదు. మా మేస్టార్లు బోర్డు మీద లెక్క తప్పితే సుద్దముక్కని తిట్టేవారు.

ఆ వారమే ఆవిడ కొత్త ఏర్పాటు చేశారు. రెండోది కుర్చీ ఎక్కేముందు మొదటిదాని కరెంటు తీసెయ్యాలి. తీసినట్టు ఖాయమైతేనే ఎక్కాలి.

"ఒకేళ అది బతికే ఉంటే? పాపం కదా మేడం" అన్నాను.

"బతికే ఉంటే మరీ ముందు తియ్యాలి. సచ్చినోడు అడ్డం రాడు కదరా."

కొన్నేళ్ళకి ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. విశాఖలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ, సర్వర్లు నాకు అప్పగించారు. ఆఖరి రోజు నన్ను కూర్చోబెట్టి, సర్వర్లలోకి ఆవిడ వెళ్ళే దారి, ఆవిడ పేరు, పాస్‌వర్డు అంతా తుడిచెయ్యమన్నారు.

"ఉండనివ్వండి మేడం. రేపు నాకు తెలీనిదొస్తే?"

"తెలీకపోతే కిందామీదా పడి నేర్సుకుంటావు. నా దారి ఉంటే ఆగలేక నేనూ సెయ్యి పెడతాను. నువ్వోటి సేత్తావు, నేనోటి సేత్తాను. మజ్జిలో ఎవుల్దో పేణం పోతాది. కొట్టు."

కొట్టాను. ఆవిడ లేచి, వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ మీదికి మారారు. కారు ఇంకా రాలేదు. అంతలో ఫోను మోగింది. ఇన్నేళ్ళ అలవాటున ఆవిడ చెయ్యి గాల్లోకి లేచింది. సగంలో ఆగింది. మెల్లగా వెనక్కి తీసుకుని, రెండు చేతులూ ఒళ్ళో కట్టుకుని, కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. అది మూడోసారి మోగాక ఎత్తాను. దేవరాపల్లి కేసు. మాట్లాడినంతసేపూ ఆవిడ ఇటు తిరగలేదు.

ఇప్పుడు ఫోను చేస్తే మనవల సంగతి చెబుతారు, చర్చిలో పాట చెబుతారు. సర్వర్ ఊసెత్తితే, "ఏటో బాబూ, నాకేటి తెల్సు" అంటారు.

మా దగ్గర సంతోషి అనే అమ్మాయి చేరింది. నా సెలవురోజున డెస్కు తనదే. మొన్న ఆదివారం ఇంట్లో అన్నం తింటుంటే మా అంబులెన్సు కూతపెట్టుకుంటూ వీధిలోంచి పోయింది. ఎవరిల్లు, ఏ కేసు, సరైన బండేనా అనుకుంటూ వీధివైపు చూశాను. ఫోను పక్కనే ఉంది. మా ఆవిడ నా మొహం చూసి, "ఫోను సేసీవచ్చు కదా" అంది.

"సంతోషి ఉంది" అన్నాను. పులుసు ఇంకాస్త వెయ్యమన్నాను.