బోణీ వేళ బొట్టు

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ పక్కన కిరాణా కొట్టు పాపారావుది. బయల్దేరేటప్పుడు విధవ ఎదురుపడితే చాలు, ఆ పెద్దమనిషి వెనక్కెళ్ళి కాసేపు కూర్చుని, గుక్కెడు మంచినీళ్ళు తాగితేగానీ మళ్ళీ గడప దాటడు. అలాంటివాడి ఇంట్లోనే కోడలు విధవైంది. కొడుకు కళ్యాణ్ తక్కెడ వదిలి తుపాకీ పట్టాడు. సెలవులో పెళ్ళి చేసుకుని వెళ్ళీ వెళ్ళగానే సరిహద్దు కాల్పుల్లో పోయాడు. పెళ్ళి సంగతి సైన్యం రికార్డుల్లోకి ఎక్కనేలేదు.

కన్నీళ్ళు ఆరకముందే పాపారావు కోడలు చంద్రావతిని గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టాడు. జీతం అడగని మనిషి మరి! "బొట్టూ గాజులూ ఉంచుకోమ్మా, లేకపోతే బోణీ చెడుతుంది," అన్నాడు. అందులో ఎంతోకొంత జాలి ఉందనుకుంది, పిచ్చిది.

సైన్యం పెన్షన్ కోసం చంద్రావతి పెట్టుకున్న అర్జీ మీద విచారణకొచ్చిన గుమాస్తా కూడా సరిగ్గా బోణీ వేళే దిగాడు. తనెవరో చెప్పకుండానే, బొట్టు చూసి "మీ ఆయనేరమ్మా?" అనడిగాడు. ఎవరో కొత్త బేరమనుకుని పాపారావే అందుకున్నాడు: "సరుకుకి భీమవరం వెళ్ళాడండీ." ఇంకేముంది, ఈవిడ వేరెవరి భార్యో అని రాసిపడేశాడు.

ఆ పెన్షన్ వస్తే తణుకులో గది తీసుకుని బీఈడీ చదువుకోవాలని చంద్రావతి ఆశ. అప్పీలు చేసింది. సాక్షి ఎవరంటే, అబద్ధమాడిన ఆ మామగారే. రానంటే రానన్నాడు. ఓడిపోతే జన్మంతా ఆమెకి మీరే అన్నం పెట్టాలని లాయరు గుర్తుచేశాక కదిలాడు.

ఏలూరు ఆఫీసులో అధికారి ఆమె బొట్టు వంక చూసి, పాపారావు వైపు తిరిగి, "మరి ఆ రోజు అలా చెప్పారేమండీ?" అన్నాడు.

"మా అబ్బాయి పెళ్ళామేనండీ. విధవని తెలిస్తే బేరాలు రావు కదండీ. అందుకని బొట్టు పెట్టించి కూర్చోబెట్టానండీ."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. చంద్రావతికి తల తీసేసినట్టయింది. అయినా అప్పీలు నెగ్గింది.

సంతోషంలో ముందుగా వరండాలోకి వచ్చేసిన చంద్రావతి, సంచి మరిచిపోయానని వెనుదిరిగింది. గుమ్మంలో సంచి పట్టుకుని మామగారు ఎదురయ్యాడు. ఆమెని చూసి ఆగి, వెనక్కెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు.

ఎండకి కళ్ళు తిరిగాయేమోనని ఆమె కంగారుగా పరుగెత్తింది. "ఏమైంది మావయ్యగారూ?"

"ఏం లేదమ్మా. కాసిని మంచినీళ్ళివ్వు."

సంచిలోంచి సీసా తీసి, మూత తిప్పి మరీ ఇచ్చింది. పాపారావు ఒక్క గుక్క తాగి లేచాడు. "నేను ముందు నడుస్తాను, నువ్వు వెనకాల రామ్మా. రేపట్నుంచి కొట్లోకి రాకు. అందరూ విన్నారుగా," అన్నాడు.

అప్పటికిగానీ చంద్రావతికి ఆ గుక్కెడు నీళ్ళెందుకో అర్థం కాలేదు. ఆ నీళ్ళు పొద్దున ఆయన కోసమే కాచి, చల్లార్చి తెచ్చింది.