పుర్రచేతి కత్తి

బస్టాండు తనిఖీలో బుట్టలల్లే ఒక వృద్ధురాలి కత్తిని పోలీసులు లాక్కున్నారు. కాగితం మీద దాన్ని "మారణాయుధం" అని రాశారు. పదిరోజుల తరువాత వేరెవరిదో కత్తి ఆమె చేతిలో పెట్టి, ఆమెదే తిరిగి ఇచ్చినట్లు వేలిముద్ర వేయించుకున్నారు.

అందరూ ఆమెను పుర్రచేతి పెద్దమ్మ అంటారు. చిన్ననాడు తల్లి ఆ ఎడమచేతిని కొంగుతో కట్టేసినా, కుడిచేయి పనికి లొంగలేదు. పెళ్లయిన కొత్తలో ఆమె అవస్థ చూడలేక భర్త కమ్మరి కొలిమి దగ్గర పూటంతా కూర్చుని, అందరి కత్తులకూ ఉండే వైపున కాక రెండోవైపున పదును పెట్టించి తెచ్చాడు.

"నీలాగే ఇదీ అడ్డం తిరిగిందే," అని నవ్వాడు.

కమ్మరి పోయాడు. భర్తా పోయాడు. నలభై ఏళ్లలో ఆ పిడి మీద ఆమె బొటనవేలు కుదురుగా కూర్చునే గుంట పడింది. కళ్లు కోడలి వైపు, నోరు కబుర్లలో ఉన్నా, వెదురు చీలిక మాత్రం మొదలు నుంచి చివర దాకా ఒకే పల్చన.

స్టేషన్లో ఇచ్చిన కత్తిని ఆమె చూడగానే పోల్చుకుంది.

"ఇది నాది కాదు బాబూ. నాది పుర్రచేతిది."

"కత్తికి కుడీ ఎడమా ఏంటి పెద్దమ్మా, చెప్పులా?" రైటరు నవ్వాడు. "వేలు పెట్టు ఇక్కడ."

"ఏం రాశావు నాయనా?"

"కత్తి ముట్టిందని. అంతే."

ఏదో ఒక కత్తి ముట్టిన మాట నిజమే కదా అనుకుని ఆమె వేలు పెట్టింది.

ఇంటికొచ్చి వెదురు పట్టింది. కత్తి పక్కకు లాగేసింది. చీలిక ఒక కొస మందంగా, మరో కొస తెగిపోయి వచ్చింది. మూడోసారి కత్తి జారి, వెదురు పట్టుకున్న కుడి అరచేయి చీరుకుపోయింది.

కోడలు గుడ్డ చుడుతూ అంది: "నాది కుడిచెయ్యేగా అత్తయ్యా, నేను చీలుస్తాలే."

"చీల్చు తల్లీ. మరి నేనేం చెయ్యాలి?"

కోడలు కట్టు ముడి బిగించింది.

కట్టు కట్టిన చేత్తోనే మళ్లీ స్టేషన్‌కు వెళ్లింది. రైటరు కాగితం తీసి చూపించాడు.

"ఈ ముద్ర నీదేనా?"

"నాదే."

"మరింకేం?"

ఆమె ఎడమ బొటనవేలు చాచింది. "ఈ వేలే బాబూ. నా కత్తి పిడి మీది గుంటా దీనిదే. ఒక్కసారి పెట్టి చూడనియ్యి."

జప్తు చేసిన సామాన్లున్న గది తాళం రైటరు తీయలేదు.

ఠాణా అధికారులారా, ఆ తాళం తీయండి. జప్తు చేసిన ప్రతి కత్తినీ ఆమె ముందు పరచండి. ఏ పిడిలో ఆ వేలు ఒదుగుతుందో ఆ కత్తి ఆమెకు అప్పగించండి. అబద్ధపు రసీదును రద్దు చేయండి. "మారణాయుధం" అన్న మాట కొట్టివేసి, "పనిముట్టు" అని మీ చేతితోనే రాయండి.